కారు మోడళ్లు మొదలుపెట్టేవారు పనిముట్ల కంటే ముందు రంగు సంగతి తేల్చుకోవాలి

ప్లాస్టిక్ కిట్లతో చిన్న కారు మోడళ్లు చేయడం మొదలుపెడదామని మీరు రాసుకున్న కొనుగోళ్ల లిస్టు మొత్తం చూశాను. ముప్పై పనిముట్లున్న సెట్టు, ఇరవై నాలుగు రంగుల ఆక్రిలిక్ డబ్బాలు, చవకలో దొరికే ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం), ఇంజిన్‌తో సహా తలుపులూ బానెట్టూ తెరుచుకునే 1/24 కిట్ (అసలు కారులో 24వ వంతు సైజు). వీటిలో ఏది ముందు కొనాలి, ఏ కంపెనీది కొనాలి అని అడిగారు. నన్నడిగితే ఈ నాలుగింటిలో ఏదీ ఇప్పుడే వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

యుద్ధ ట్యాంకు మోడల్‌కి రంగు గరుకుగా పడినా పెద్ద టెన్షన్ లేదు. పైన దుమ్మూ బురదా తుప్పూ వేసేస్తే అదే అందం అనిపిస్తుంది. కారుకి ఆ వెసులుబాటు లేదు. చూసేవాడి కన్ను ముందు బాడీ మీది మెరుపు మీదే పడుతుంది. అక్కడ ఒక వేలిముద్రో, దుమ్ము రేణువో, నారింజ తొక్కలా గుంటలు పడ్డ పెయింటో ఉంటే లోపల ఇంజిన్ ఎంత బాగా చేసినా ఎవరూ చూడరు. అందుకే కారు మోడలింగ్‌లో సగానికి పైగా పని రంగుదే. ముందు ఏ రంగు పద్ధతిలో వెళ్తారో తేల్చుకుంటే, ఏ కిట్, ఏ పనిముట్లు అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

మొదటి కారుకి స్ప్రే క్యాన్ చాలు. ఇది రాజీ పడి చెప్పే మాట కాదు. చేయి తిరిగినవాళ్లు కూడా బాడీకి క్యానే వాడటం నేను చాలా చూశాను. జపాన్ మోడల్ కంపెనీ టమియా వాళ్ల టీఎస్ వరుస క్యాన్లు, కిట్లలో ఉండే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కోసమే చేసిన లాకర్ (సాల్వెంట్‌తో చేసిన) రంగులు. ఒక్కో క్యాన్ 100 మి.లీ. ఉంటుంది. పలుచగా, సమంగా పడతాయి, త్వరగా ఆరతాయి. కొనేటప్పుడు క్యాన్ మీద అక్షరాలు జాగ్రత్తగా చూడండి. అదే కంపెనీలో పీఎస్ అని ఇంకో వరుస ఉంది. అది రిమోట్ కంట్రోల్ కార్ల పారదర్శక పాలికార్బనేట్ బాడీలకు లోపలివైపు వేసేది. దాన్ని మన కిట్ మీద కొడితే ప్లాస్టిక్ పాడవుతుంది. క్యాన్లు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తొందరలో పొరపాటు పడటం తేలిక. అసలు కార్లకు టచప్ చేసే ఆటోమొబైల్ స్ప్రేలతో కూడా జాగ్రత్త. వాటిలోని ఘాటైన సాల్వెంట్ నేరుగా ప్లాస్టిక్‌ని తాకితే పైభాగం పగుళ్లు పగుళ్లుగా అయిపోతుంది. మధ్యలో మంచి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పునాది పూత) ఉంటేనే వాటి జోలికి వెళ్లాలి.

రంగుల కుటుంబాలు మూడు: లాకర్, ఆక్రిలిక్, ఎనామిల్. మీరు అనుకున్న ఇరవై నాలుగు డబ్బాల సెట్టుతో చిక్కు ఏంటంటే, అందులో కారుకి అక్కరకొచ్చేవి ఐదో ఆరో ఉంటాయి, మిగతావి సైనిక వాహనాలకి వాడే పచ్చలూ గోధుమలూ. పైగా బ్రష్‌తో బాడీ మీద మెరిసే రంగు నున్నగా రావడం చాలా కష్టం. బాడీకి లాకర్ క్యాన్, లోపలి చిన్న భాగాలకు బ్రష్‌తో ఆక్రిలిక్, చివర్లో గీతల్లోకి పోసే వాష్‌కి (బాగా పలుచన చేసిన రంగుకి) ఎనామిల్, ఈ వరుస పాటిస్తే గొడవ రాదు. తలకిందులు చేస్తేనే చిక్కు. ఎనామిల్ మీద లాకర్ కొడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. అది చూశాక ఇక చేయగలిగింది మొత్తం గీకేయడమే.

చిన్న భాగాలకు విడిగా కొనాల్సిన డబ్బాలు కొన్నే: మ్యాట్ నలుపు, సెమీ గ్లాస్ నలుపు, ముదురు బూడిద, వెండి, సీట్లకు ఒక గోధుమ, వెనక లైట్లకు పారదర్శక ఎరుపు, ఇండికేటర్లకు పారదర్శక నారింజ. కారు లోపల, కింద ఎక్కువగా కనిపించేది సెమీ గ్లాస్ నలుపే. టమియాలో అది ఎక్స్-18. ఒక్క రంగే పెద్ద డబ్బా కొనమంటే నేను దాన్నే కొంటాను. అన్నింటికీ ఒకే మ్యాట్ నలుపు వేస్తే డ్యాష్‌బోర్డు, టైరు, చాసిస్ అన్నీ ఒకే వస్తువులా కనిపిస్తాయి. నలుపులో మూడు రకాల మెరుపు ఉంటే లోపలి భాగానికి ప్రాణం వస్తుంది.

ఇక ప్రైమర్. దీన్ని మానేసి డబ్బు మిగిల్చుకుందాం అనుకోవద్దు. మీరు వదిలేసిన గీతలన్నీ బయటపెట్టేది అదే. మొదటి కోటు ప్రైమర్ వేశాక బాడీని లైటు కింద తిప్పి చూస్తే అచ్చు రెండు సగాలు కలిసినచోట పడ్డ సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీత మడ్‌గార్డుల మీదుగా, పైకప్పు అంచుల వెంబడి వెళ్తుంది. అసలు కారుకి అక్కడ గీత ఉండదు. కొత్తవాళ్లలో చాలామంది దాన్ని డిజైన్ అనుకుని అలాగే వదిలేస్తారు. ప్రైమర్ రంగు కూడా పైరంగు మీద ప్రభావం చూపిస్తుంది. పసుపు, ఎరుపు లాంటివాటికి కింద తెలుపో గులాబీయో ఉండాలి. ముదురు రంగులకి, వెండికి బూడిద రంగు సరిపోతుంది. కిట్ ప్లాస్టిక్కే ఎర్రగా ఉండి, మీరు తెల్లకారు చేయాలనుకుంటే మాత్రం ఆగండి. ప్లాస్టిక్‌లోని ఎరుపు పైకి ఊరి తెలుపుని గులాబీగా మార్చేస్తుంది. మధ్యలో ఒక పొర వెండి రంగు వేసి దాన్ని ఆపుతారు. మొదటి కారుకి ఆ తలనొప్పి ఎందుకు? తెల్ల ప్లాస్టిక్‌తో వచ్చే కిట్ తీసుకోండి, లేదా ఎర్ర కారే చేయండి.

ప్రైమర్‌కి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. బాడీ మీద తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ ఉండే సన్నటి గాడులు. ప్రైమర్, రంగు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అన్నీ పడ్డాక ఇవి సగం పూడిపోతాయి. అందుకే ముందే కత్తి మొన వెనకవైపుతో గానీ స్క్రైబర్ అనే గీతలు గీసే పనిముట్టుతో గానీ ఒకటి రెండుసార్లు మెల్లగా గీసి కాస్త లోతు చేయాలి. తర్వాత పాత్రలు కడిగే సబ్బుతో బాడీని కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన నూనె లాంటి పదార్థం ఉంటే పోతుంది, చేతి జిడ్డు కూడా పోతుంది.

స్ప్రే చేసే పద్ధతి గురించి అడగలేదు గానీ, ఏం కొనాలన్నది దాన్ని బట్టే ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. క్యాన్‌ని గోరువెచ్చని నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచండి. మరిగే నీళ్లు వద్దు, పొయ్యి దగ్గరికి అసలు తీసుకెళ్లొద్దు. లోపల ఒత్తిడి పెరిగి పేలే ప్రమాదం ఉంది. వెచ్చబడితే రంగు సన్నటి తుంపరగా వస్తుంది. 20 నుంచి 25 సెం.మీ. దూరం నుంచి, బాడీ మొదలవక ముందే ఖాళీలో నొక్కడం మొదలుపెట్టి, బాడీ దాటాకే ఆపాలి. మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టు పలుచగా ఉండాలి, కింద ప్లాస్టిక్ కనిపిస్తున్నా కంగారు పడొద్దు. ఒక్కో కోటుకి మధ్య పది పదిహేను నిమిషాలు ఆగి, చివర్లో తడిగా మెరిసేలా ఒక కోటు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున లాకర్ కొట్టొద్దు, తెల్లటి పొగలా మసకేస్తుంది. మెటాలిక్ రంగైతే బానెట్, బంపర్లు, అద్దాల డిప్పలు అన్నీ బాడీతో పాటే, ఒకే దిశలో, ఒకే పూట కొట్టాలి. విడివిడిగా కొడితే మెరుపు రేకులు వేరే కోణంలో పడి, అతికించాక అది రెండు కార్ల ముక్కల్లా ఉంటుంది. ఈ కారణంతోనే మొదటి కారుకి మెటాలిక్ వద్దని అంటాను. ముదురు ఎరుపో నీలమో లాంటి మామూలు రంగు తీసుకోండి. నలుపు కూడా వద్దు, అందులో ప్రతి గీతా కనిపిస్తుంది.

క్లియర్ కోటుగా టీఎస్-13 అందరూ వాడేదే. బాగా మెరుస్తుంది, కానీ డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు) మీద ఒక్కసారిగా తడిగా కొడితే అవి ముడుచుకుపోతాయి. ముందు పలుచటి తుంపర కోట్లు నాలుగైదు వేసి, డెకాల్ మీద పొర ఏర్పడ్డాక తడి కోటు వేయాలి. డెకాల్స్ వంపుల మీద కూర్చోడానికి మైక్రో సెట్, మైక్రో సోల్ అనే రెండు సీసాలు కొనుక్కోండి. మొదటిది కింద పూసేది, రెండోది పైన పూసి డెకాల్‌ని మెత్తబరిచేది. సోల్ పూశాక డెకాల్ ముడతలు పడితే భయపడి తాకొద్దు. దానంతట అదే సర్దుకుంటుంది.

పాలిష్‌కి టమియా కాంపౌండ్లు ముతక, సన్నం, ఫినిష్ అని మూడు రకాలు దొరుకుతాయి. ముతకది మొదట్లో అక్కర్లేదు, సన్నం, ఫినిష్ రెండూ చాలు. వాటికి ముందు 2000 గ్రిట్ (ఈ నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), ఆ పైన ఇంకా సన్నటి శాండ్‌పేపర్ నీళ్లతో తడిపి రుద్దాలి. అంచులూ గీతల మొనలూ వదిలేసి మధ్యలో చదునుగా ఉన్నచోటే రుద్దండి. అంచుల దగ్గర పెయింట్ పలుచగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది. మెటాలిక్ రంగుని మాత్రం నేరుగా రుద్దొద్దు, పైన వేసిన క్లియర్‌నే రుద్దాలి. క్లియర్ వేసిన మర్నాడే పాలిష్ చేయాలని చేయి దురద పెడుతుంది. కనీసం వారం ఆగండి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసినప్పుడు రంగు వాసన ఇంకా వస్తుంటే లోపల ఆరలేదని అర్థం.

ఇప్పుడు పనిముట్లు. ముప్పై వస్తువుల సెట్టులో ఉండే నిప్పర్ వైర్లు కత్తిరించడానికే పనికొస్తుంది, ప్లాస్టిక్‌ని నలిపేసి తెల్లమచ్చ వదులుతుంది. ఆ సెట్టు మానేసి అదే డబ్బుతో ఒక్క మంచి నిప్పర్ కొనండి. ఒకవైపు చదునుగా ఉండే ప్లాస్టిక్ నిప్పర్ కావాలి. టమియా పదునైన మొన నిప్పర్ చాలాకాలం వస్తుంది. గాడ్‌హ్యాండ్ నిప్పర్ పేరు వింటారు, కోత నిజంగా వెన్నలా ఉంటుంది, కానీ దాని పలుచటి బ్లేడు మందపాటి స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద పెడితే విరుగుతుంది. రెండో కారు తర్వాత ఆలోచించండి. భాగాన్ని ఒకే కోతతో తీయొద్దు. ముందు కాస్త దూరంగా కోసి, మిగిలిన ముక్కని రెండోసారి దగ్గరగా కోసి, చివర్లో కత్తితో, ఉప్పు కాగితంతో సాపు చేయాలి.

హాబీ కత్తి ఏదైనా పర్లేదు, బ్లేడ్లు మాత్రం ఎక్కువ కొనండి. మొద్దు బ్లేడుతోనే వేళ్లు తెగుతాయి, బలం ఎక్కువ పెడతాం కాబట్టి. శాండ్‌పేపర్ 400, 600, 1000, 1500 గ్రిట్‌లలో, పట్టకారు ఒకటి, మాస్కింగ్ టేప్ 6 మి.మీ., 10 మి.మీ. వెడల్పుల్లో. ఇళ్ల గోడలకి వాడే టేపు ఇక్కడ పనికిరాదు. దాని అంచు కిందకి రంగు పాకుతుంది, తీసేటప్పుడు పెయింట్ లేచొస్తుంది. ఒక మూత డబ్బా కూడా పెట్టుకోండి, తడి బాడీ మీద దుమ్ము పడకుండా బోర్లించడానికి. అంతే. డ్రిల్లు, ఫోటో ఎచ్ (సన్నటి లోహపు రేకు భాగాలు) వంచే యంత్రం, ఎలక్ట్రిక్ శాండర్ ఇవన్నీ అవసరం పడ్డ రోజున కొనుక్కోవచ్చు.

గ్లూ గురించి ఒక్క పేరా. టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ ఆకుపచ్చ మూతతో 40 మి.లీ. సీసాలో వస్తుంది. ఇది జిగురులా అతికించదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. ముక్కల్ని ముందు కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్ మొన ఆనిస్తే తనంతట తనే లోపలికి పాకుతుంది. వేలి కింద సందు ఉంటే అక్కడికీ పాకి వేలిముద్ర అచ్చేస్తుంది, అది గుర్తుంచుకోండి. అద్దాలకీ హెడ్‌లైట్లకీ ఇది వాడొద్దు, సూపర్ గ్లూ అసలొద్దు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. వాటికి తెల్లటి పీవీఏ జిగురు మంచిది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. క్రోమ్ పూత ఉన్న భాగాల మీద సిమెంట్ అతకదు. అతికించే చోట పూత గీకేయాలి.

కిట్ విషయానికొస్తే, తలుపులు తెరుచుకునేది మొదట వద్దన్నాను కదా. తెరుచుకునే ప్రతి భాగం దగ్గరా సందులు సరిపోవాలి, ఇంజిన్ ఉంటే రంగు వేయాల్సిన భాగాలు రెట్టింపు అవుతాయి. ఇంజిన్ లేకుండా, కింద చదునైన చాసిస్‌తో వచ్చేవాటిని కర్బ్‌సైడ్ కిట్లు అంటారు. మీ మొదటి రెండు కార్లూ అలాంటివే కావాలి. టమియా వాళ్లవి 1/24లో ఇటీవలి అచ్చులు, ఉదాహరణకి టొయోటా జీఆర్ 86, మాజ్డా ఎంఎక్స్-5, భాగాలు చక్కగా కూర్చుంటాయి. బాడీ రంగు మీదే దృష్టి పెట్టే వీలుంటుంది. చాలా కిట్లలో అద్దాల అంచుల నల్లటి బోర్డరు కోసం మాస్కింగ్ స్టిక్కర్లు కూడా ఇస్తారు. ఆ నలుపు అద్దం లోపలివైపు వేయాలి, బయట కాదు. అసలు గ్లూ, రంగు లేకుండా ఒకటి చేసి చూద్దాం అనుకుంటే ఆవోషిమా 1/32 స్నాప్ కిట్లున్నాయి. హసెగావా పాత తరం కార్లకి బాగుంటుంది. ఫుజిమి ఎంథూజియాస్ట్ వరుస పోర్షేలు బొమ్మలో చూసి మోజు పడొద్దు, భాగాలు బోలెడు, సహనం కూడా అంతే కావాలి.

కిట్ కొనేటప్పుడు బాక్సు మీది బొమ్మనీ సంవత్సరాన్నీ నమ్మొద్దు. పాత అచ్చునే కొత్త బాక్సులో పెట్టి అమ్మడం ఈ రంగంలో మామూలు. ముఖ్యంగా అమెరికా కార్ల కిట్లలో. ఏఎంటీ అనే అమెరికన్ కంపెనీ 1948లో మొదలైంది, డీలర్లకి ప్రచారం కోసం ఇచ్చే చిన్న కార్లు చేస్తూ వచ్చి తర్వాత కిట్లలోకి దిగింది. ఆ పాత అచ్చుల్లో కొన్ని ఇప్పటికీ రౌండ్ 2 కంపెనీ ద్వారా వస్తున్నాయి. రెవెల్, మోనోగ్రామ్ అనే రెండు కిట్ కంపెనీలు 1986లో ఒక్కటయ్యాయి కాబట్టి రెవెల్ బాక్సులో 1/24 మోనోగ్రామ్ అచ్చు ఉండొచ్చు, 1/25 రెవెల్ అచ్చు ఉండొచ్చు. పాత అచ్చు కాబట్టి చెడ్డదని కాదు, కొన్ని అద్భుతంగా ఉంటాయి. కానీ ఏది కొంటున్నామో తెలిసి కొనాలి. స్కేల్‌మేట్స్ వెబ్‌సైట్‌లో కిట్ పేరు కొడితే ఆ అచ్చు ఎప్పుడు పుట్టింది, ఏయే బాక్సుల్లో తిరిగింది అని వంశవృక్షంలా చూపిస్తుంది. కొనే ముందు రెండు నిమిషాలు అక్కడ గడపండి.

1/24, 1/25 తేడా అడిగారు. 4.2 మీటర్ల కారు మొదటిదాంట్లో 175 మి.మీ., రెండోదాంట్లో 168 మి.మీ. వస్తుంది. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. చక్రాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు కూడా.

వాడిన కిట్లు, ఎవరో సగం విప్పి వదిలేసినవి చవకగా దొరుకుతాయి. అమ్మేవాళ్లని బాడీ, డెకాల్స్, అద్దాలు, టైర్ల ఫోటోలు అడగండి. టైర్లు ఎక్కడ తాకుతూ పడున్నాయో చూడటం మరీ ముఖ్యం. మెత్తటి వినైల్‌లోని పదార్థం పాలిస్టైరీన్‌ని నెమ్మదిగా కరిగిస్తుంది. ఏళ్ల తరబడి టైరు అద్దానికి ఆనుకుని ఉంటే అక్కడ గుంట పడి ఉంటుంది. మీరు కొన్న కొత్త కిట్లలో కూడా టైర్లని చిన్న కవర్లో వేరే పెట్టండి. పసుపెక్కిన డెకాల్స్‌ని కిటికీ అద్దానికి అతికించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడతాయి. సీల్ విప్పని బాక్సంటే ఎక్కువ డబ్బు అడుగుతారు గానీ, సీల్ ఉందంటే లోపల బాడీ వంకర పోలేదనే హామీ ఏమీ లేదు.

ఎయిర్‌బ్రష్ ఎప్పుడు? ఈ క్యాన్ రంగులతో రెండు మూడు కార్లు చేశాక, మీకు కావాల్సిన షేడ్ క్యాన్‌లో దొరకట్లేదని అనిపించినప్పుడు. అప్పుడు డబుల్ యాక్షన్ (గాలినీ రంగునీ విడివిడిగా అదుపు చేసేది), 0.3 మి.మీ. నాజిల్, రంగు పోసే కప్పు పైన ఉన్నది తీసుకోండి. డబ్బు దాచుకోవాలంటే బ్రష్ మీద దాచుకోండి గానీ కంప్రెసర్ మీద వద్దు. కంప్రెసర్‌కి గాలి ట్యాంకు, ఒత్తిడి సర్దే రెగ్యులేటర్, తేమ పట్టే ఫిల్టర్ మూడూ ఉండాలి. లేకపోతే రంగుతో పాటు నీటి చుక్కలూ బాడీ మీద పడతాయి. 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి మధ్య మొదలుపెట్టవచ్చు. జీఎస్ఐ క్రియోస్ వాళ్ల మిస్టర్ కలర్ లాకర్లు, వాటికి లెవెలింగ్ థిన్నర్ కలిపితే గ్లాస్ రంగు అద్దంలా సాపుగా పరుచుకుంటుంది. క్రోమ్ కోసం ఆల్‌క్లాడ్ అనే లోహపు మెరుపు రంగు అయితే కింద గ్లాస్ నలుపు తప్పనిసరి. చిన్న చిన్న అంచులకి మాత్రం మోలోటో క్రోమ్ పెన్ ఈరోజే కొనుక్కోవచ్చు. ఆరడానికి రోజులు పడుతుంది, పైన క్లియర్ వేస్తే మెరుపు పోతుంది. కిటికీల చుట్టూ ఉండే క్రోమ్ పట్టీలకి బేర్ మెటల్ ఫాయిల్ అనే అతికించే సన్నటి లోహపు రేకు ఇంకా బాగుంటుంది, కొత్త బ్లేడుతో కోస్తేనే.

అన్నిటికంటే ముందు లిస్టులో మీరు రాయనిది ఒకటుంది, మాస్క్. దుమ్ము మాస్క్ లాకర్ ఆవిర్లని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, పక్కన గాలి బయటికి పోయే ఏర్పాటు కావాలి, మంట దగ్గర్లో ఉండకూడదు. కొందరు 2కే క్లియర్ (రెండు ద్రవాలు కలిపి వాడే క్లియర్) వాడి చూపించే గాజు మెరుపు చూసి మీకూ ఆశ పుడుతుంది. దాని గట్టిబరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకి శాశ్వతంగా అలర్జీ తెచ్చిపెట్టగలవు. సరైన రక్షణ పూర్తిగా సమకూర్చుకోకుండా దాని జోలికి పోవద్దు. టీఎస్-13ని ఓపిగ్గా పాలిష్ చేస్తే దానికి దగ్గరగా వస్తుంది.

ఇవి కాకుండా లిస్టులో గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా చేర్చండి. మొదటి బాడీ మీద రంగు కారొచ్చు, ముడతలు పడొచ్చు, దుమ్ము పడొచ్చు. బాడీని మూత డబ్బాలో దాంట్లో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఈ లాకర్ మెత్తబడి చాలావరకు వచ్చేస్తుంది. ప్రైమర్ కొంచెం మొండికేస్తుంది, నున్నగా ఉంటే అలా వదిలేసినా పర్లేదు. అద్దాలు, క్రోమ్ భాగాలు దాంట్లో వేయొద్దు. నీళ్లతో కడిగి బాగా ఆరాక మళ్లీ స్ప్రే చేయొచ్చు. కాబట్టి అదే రంగు క్యాన్ ఒకటి ఎక్కువ తెచ్చుకోండి. తర్వాత ఆ షేడ్ దొరక్కపోతే ఇబ్బంది.